పాత జీపు – మేము నేర్చుకొన్న పాఠం

ఒకప్పుడు మహీంద్రా వారు మన దేశంలో విల్లీస్ జీపులు తయారుచేసేవారు. అటువంటి పాత జీపు ఒకటి కొనాలని మా ఇంటిల్లిపాదికీ కోరిక. కృష్ణానగర్‌లో ఒకటి చూశాము. రంగు నిగనిగలాడుతోంది. బయానా ఇవ్వబోతుండగా మా పెద్దబ్బాయి ఛాసిస్ మీది మట్టి తుడిచి నంబరు చదివాడు. ఆర్.సి. పుస్తకంలోని నంబరుతో కలవలేదు! డబ్బు తిరిగి జేబులో పెట్టుకొని వచ్చేశాము.

కొన్నాళ్లకు తుప్పు పట్టినదైనా కాగితాలు సరిగా ఉన్న బండి దొరికింది. శనివారం సాయంత్రాలు తండ్రీ కొడుకులం కార్బురేటరు విప్పి, పెట్రోలుతో కడిగి, బ్రేకులు బాగుచేసుకొంటున్నాము. 50 ఏండ్లు దాటి, అసలు రూపు చెడని బండిని 2021 నాటి నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. అయితే దానిని రోజువారీ పనులకు తిప్పరాదు.

పాత బండి కొనేవారు రంగు చూడక ముందు నంబరు చూడండి.