జాబర్ పని లాంటిదే ఈ లినక్స్

బీకాం అయిపోయినంక మా మనుమరాలు సర్వర్ల పని నేర్చుకుంటనన్నది. షోలాపూర్‌లో ఒక క్లాసువాళ్లు 40 వేలు అడిగిండ్రు. మా కోడలు గొలుసు కుదువ పెడతనని లేచింది. ఆగమన్నాను.

ఇది మన మిల్లులో జాబర్ పని లాంటిది. బట్ట నేసేది వేరేవాళ్లు, సాంచాలు ఆగకుండ చూసేది జాబరు. బ్యాంకుల, ఆస్పత్రుల కంప్యూటర్లకు కూడ అట్లాంటి మనిషి కావాలె. సర్వర్లు చానా నడిచేది లినక్స్ మీద. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిండు. ఎవరైనా ఉచితంగ ఎక్కించుకోవచ్చు.

పాఠాలు కూడ ఉచితమే. ఐఐటీ బొంబాయివాళ్ల 'స్పోకెన్ ట్యుటోరియల్'లో లినక్స్ ఉంది, తెలుగు మాటలతోని కూడ దొరుకుతది. చిన్న చిన్న వీడియోలు. ఆపుకుంట, పక్కనే చేసుకుంట పోవాలె. ఉత్తగ చూస్తే సినిమా చూసినట్టే, చేతికి ఏం రాదు. మగ్గం చూసి నేత వచ్చిందా మనకు?

ఇంగ్లీషు వస్తే లినక్స్ ఫౌండేషన్‌వాళ్ల 'ఇంట్రడక్షన్ టు లినక్స్' కోర్సు ఉంది. చదవడానికి పైసలు అడగరు. కంప్యూటర్ చెడిపోతదని భయపడే అమ్మలకు ఒక మాట: వర్చువల్ బాక్స్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఉన్న కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ తయారైతది. పిల్లలు దాన్ని పాడుచేసినా అసలుదానికి ఏం కాదు.

పైసలు అవసరం పడేది పరీక్షకు. రెడ్‌హ్యాట్‌వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో జవాబులకు టిక్కులు పెట్టుడు ఉండదు, మిషన్ మీద చేసి చూపియ్యాలె. దాని ఫీజుకు ఇప్పటినుంచే నెలనెలా కొంత పక్కకు పెడుతున్నం.