డెడ్ మనీ

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సీజన్ ముగిశాక జట్లు ఆటగాళ్లను మార్చుకునే రోజుల్లో తరచూ వినిపించే మాట ఇది. వదిలేసిన ఆటగాడి పేరిట జట్టు జీతాల పరిమితిలో మిగిలిపోయే భారమే డెడ్ మనీ. సంతకం బోనస్ ముందే చేతికిచ్చినా, లెక్కల్లో దాన్ని గరిష్ఠంగా 5 ఏళ్లకు పంచి రాస్తారు. మధ్యలో పంపేస్తే మిగిలిన వాటా, హామీ ఇచ్చిన జీతం జట్టు నెత్తిన పడతాయి.

2024 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ను వదులుకున్న డెన్వర్ బ్రాంకోస్‌పై సుమారు 8.5 కోట్ల డాలర్ల భారం పడింది. భారాన్ని రెండేళ్లకు పంచుకోనిచ్చే జూన్ 1 నిబంధన వాడుకుని జట్టు దాన్ని సర్దింది. తొలి ఏడాది వాటా 5.3 కోట్లు, అప్పటి పరిమితి 25.54 కోట్లు. ఐదో వంతు పోయినట్టే! 2016 నుంచి డెన్వర్‌కే ఆడిన సేఫ్టీ జస్టిన్ సిమన్స్‌నూ ఆ నెలలోనే వదులుకుంది. ఇలాంటి లెక్కల్లో నమ్మకమైన ఆటగాళ్లు దూరమవడం నిజంగా బాధాకరం.

అయినా జట్టు కుంగలేదు. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో 12వ ఎంపికగా వచ్చిన బో నిక్స్‌ది కొత్తవాళ్లకిచ్చే చౌక ఒప్పందం. అతని సారథ్యంలో ఆ సీజన్‌లో జట్టు 10 మ్యాచ్‌లు గెలిచి, 2015 సీజన్ తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్ చేరింది. జట్టు బలాన్ని అంచనా వేసేటప్పుడు ఉన్నవాళ్ల జాబితాతో పాటు, వెళ్లిపోయినవాళ్ల పద్దూ చూడాలి.