నిబంధనలకు అందరూ... టీకాకు కొందరే

2021 ఏప్రిల్ ఆఖరు. బ్యాంకాక్‌లో ఇంటి గడప దాటితే ముక్కూ మూతీ కప్పుకోవాల్సిందే. లేదంటే 20,000 భాట్ల దాకా జరిమానా. థాయ్‌వాళ్లా, పరాయి దేశంవాళ్లా అన్న తేడా లేదు. పెద్దాచిన్నా తేడా కూడా లేదు. ఏప్రిల్ 26న అప్పటి ప్రధాని ప్రయుత్ చాన్ ఓచా ఓ సమావేశంలో మాస్కు లేకుండా కూర్చున్నారు. ఆ ఫొటో ఆయన ఫేస్‌బుక్ పేజీలోనే ప్రత్యక్షమైంది. బ్యాంకాక్ గవర్నరు వెళ్లి 6,000 భాట్ల జరిమానా వేస్తే ప్రధాని కిక్కురుమనకుండా కట్టారు. ఆ సమావేశం టీకాల కొనుగోలు గురించి జరిగింది కావడం కొసమెరుపు.

జరిమానాలో ఇంత సమానత్వం పాటించిన దేశంలో టీకా మాటెత్తితే లెక్క మారిపోయేది. ‘మో ప్రోమ్’ అనే యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలన్నారు. ఆ యాప్ మొట్టమొదట అడిగేది 13 అంకెల గుర్తింపు సంఖ్య. థాయ్ పౌరుడికి అది పుట్టుకతో వస్తుంది. పాస్‌పోర్టు పట్టుకుని బతికేవాడికి రాదు. పసుపు రంగు నివాస నమోదు పుస్తకంలో పేరు ఎక్కించుకుని గులాబీ రంగు గుర్తింపు కార్డు సంపాదించుకున్న విదేశీయులకూ, జీతంలోంచి నెలనెలా సామాజిక భద్రత నిధికి కోత పడే ఉద్యోగులకూ ఏదో ఒక 13 అంకెల నంబరు ఉంటుంది. అది చెల్లుతుందా అంటే ఒక్కో ఆస్పత్రిది ఒక్కో జవాబు. ఒకచోట రాసుకుని పంపేవాళ్లు, ఇంకోచోట ముందు థాయ్‌వాళ్లవి కానివ్వండి అనేవాళ్లు. పన్ను వసూలు చేసేటప్పుడు ఇలాంటి అయోమయం ఏనాడూ లేదు.

మెచ్చుకోళ్ల ఏడాది

నిజానికి 2020లో థాయ్‌ల్యాండ్‌ను చూసి ప్రపంచం ముక్కున వేలేసుకుంది. చైనా వెలుపల తొలి కరోనా కేసు బయటపడింది అక్కడే. ఊహాన్ నుంచి వచ్చిన మహిళకు వైరస్ సోకినట్లు 2020 జనవరి 13న ప్రకటించారు. అంత తొందరగా మొదలైనా ఆ ఏడాదంతా కేసులు వేలల్లోనే ఆగాయి. ఊరూరా తిరిగే ఆరోగ్య వలంటీర్లు ఆ దేశంలో పది లక్షల మందికి పైనే. వాళ్లది దశాబ్దాల నాటి వ్యవస్థ. మార్చి 26న అత్యవసర పరిస్థితి, ఏప్రిల్ 3 నుంచి రాత్రి పది మొదలు తెల్లవారుజాము నాలుగు దాకా కర్ఫ్యూ, మర్నాటి నుంచి అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలకు తలుపులు బంద్. కొత్త సంవత్సరం పండగ సోంగ్‌క్రాన్ సెలవులనే వాయిదా వేశారు. మనకు సంక్రాంతి వాయిదా పడిందంటే ఎలా ఉంటుందో అలాగే వాళ్లకూ.

విమానాలు లేక చిక్కుకుపోయిన విదేశీయుల మీద కొంత దయ కూడా చూపారు. వీసా గడువు దాటినా జరిమానా లేదన్నారు. తొంభై రోజులకోసారి ఇమిగ్రేషన్ వారికి చిరునామా తెలియజేయాలన్న నిబంధననూ పక్కన పెట్టారు. ఈ మాఫీ సెప్టెంబరు 26 వరకు, ఆ తర్వాత అక్టోబరు ఆఖరు వరకు సాగింది. చిక్కంతా బయట ఉండిపోయినవాళ్లకే. భార్యాబిడ్డలు చియాంగ్ మాయ్‌లో, భర్త లండన్‌లోనో హైదరాబాద్‌లోనో. తిరిగి రావాలంటే రాయబార కార్యాలయం ఇచ్చే ప్రవేశ ధ్రువపత్రం కావాలి. లక్ష డాలర్ల బీమా కావాలి. దిగాక 14 రోజులు హోటల్ గదిలో ఒంటరిగా ఉండాలి. థాయ్ పౌరులకు సర్కారు ఉచితంగా క్వారంటైన్ పెట్టింది. విదేశీయులు మాత్రం సొంత ఖర్చుతో, ఎంపిక చేసిన హోటళ్లలోనే. తలుపు తట్టి, డబ్బా భోజనం కుర్చీ మీద పెట్టి, తలుపు తీసేలోపే మాయమయ్యేవారు సిబ్బంది.

ఈ కట్టుబాట్లను నేను తప్పుపట్టను. ఆ ఏడాది ప్రాణాలు కాపాడినవి అవే. కానీ వాటితో పాటే మరో ఆలోచన కూడా జనం బుర్రల్లోకి ఎక్కింది. రోగమంటే బయటి నుంచి వచ్చేది, బయటివాడు మోసుకొచ్చేది. ఆ మాటకు ఆజ్యం పోసింది సాక్షాత్తూ ఆరోగ్య మంత్రి. 2020 ఫిబ్రవరిలో బ్యాంకాక్ మెట్రో స్టేషన్ దగ్గర అనుతిన్ చాన్‌వీరకూల్ మాస్కులు పంచుతుంటే కొందరు తెల్లవాళ్లు వద్దన్నారు. ఈ ఫరాంగ్‌లను దేశం నుంచి తరిమేయాలని ఆయన కెమెరాల ముందే విసుక్కున్నారు, తర్వాత క్షమాపణ చెప్పారు. మార్చిలో ఆయన ట్విటర్ ఖాతాలో మరింత ఘాటు మాటలు కనిపించాయి. ఫరాంగ్‌లు మురికివాళ్లనీ, స్నానం చేయరనీ, వైరస్ అంటిస్తారనీ. ఆ ఖాతా తర్వాత కనిపించకుండా పోయింది.

ముళ్లకంచె వెనుక మార్కెట్

ఫరాంగ్ అంటే తెల్లవాడు. పటాయాలో, హువా హిన్‌లో పింఛను డబ్బుతో శేషజీవితం గడిపే యూరప్, అమెరికా వృద్ధులు ఇంగ్లిషు పత్రికల్లో ఎక్కువగా వినిపించే గొంతులు. వారి తర్వాత టీచర్లు, ఇంజినీర్లు, వ్యాపారులు. పాహురత్‌లో తరతరాలుగా బట్టల కొట్లు నడిపే సిక్కులు, పాథుమ్ థానీలోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకునే మన పిల్లలు ఈ మధ్య వర్గంలోకి వస్తారు. కానీ థాయ్‌ల్యాండ్‌లో విదేశీయులంటే లెక్కప్రకారం వీళ్లెవరూ కాదు. మయన్మార్, లావోస్, కంబోడియాల నుంచి వచ్చిన కూలీలు. కాగితాలున్నవాళ్లే ఇరవై లక్షలకు పైన. రొయ్యలు ఒలిచేదీ, మేడలు కట్టేదీ, రబ్బరు పాలు గీసేదీ వాళ్లే.

బ్యాంకాక్‌కు ఆనుకుని ఉన్న సముత్ సాఖోన్ రాష్ట్రంలో మహాచాయ్ అనే చేపల రేవు ఉంది. థాయ్ సముద్ర ఆహార వ్యాపారానికి గుండెకాయ. 2020 డిసెంబరు 17న అక్కడి రొయ్యల మార్కెట్‌లో వ్యాపారం చేసే 67 ఏళ్ల మహిళకు కరోనా అని తేలింది. రెండు రోజులు తిరక్కుండానే కేసులు వందలు దాటాయి. సోకినవాళ్లలో అత్యధికులు మయన్మార్ కూలీలు. మార్కెట్‌నూ, దాన్ని ఆనుకుని కూలీలుండే వసతి గృహాలనూ కలిపి చుట్టూ ముళ్లకంచె వేసేశారు. లోపల వేల మంది. ఒక్కో గదిలో నలుగురో ఐదుగురో. దూరం పాటించండి అన్న సూచన ఆ గోడల మధ్య ఎంత అర్థవంతంగా వినిపించి ఉంటుందో!

కంచె బయట ద్వేషం భగ్గుమంది. సామాజిక మాధ్యమాల్లో మయన్మార్‌వాళ్లను తరిమికొట్టాలన్న రాతలు వెల్లువెత్తాయి. అక్రమ వలసల వల్లే ఇదంతా అని ప్రధాని అన్నారు. ఆ గోలలో ఒక గొంతు మాత్రం వేరుగా పలికింది. ప్రభుత్వ కొవిడ్ కేంద్రం ప్రతినిధి డాక్టర్ తవీసిన్ విసానుయోతిన్ మానసిక వైద్యుడు. రోజూ మధ్యాహ్నం టీవీలో లెక్కలు చదివే ఆయన, మనం చేయలేని పనులు మనకోసం చేస్తున్న ఈ మనుషులను అసహ్యించుకోవద్దని వేడుకున్నారు. ఇక సముత్ సాఖోన్ గవర్నరుకే కరోనా సోకి రెండు నెలలకు పైగా ఆస్పత్రిలో ఉండి బయటపడ్డారు. డిసెంబరు 29న మంత్రివర్గం కాగితాల్లేని కూలీలు పేరు నమోదు చేసుకోవడానికి అవకాశం ఇచ్చింది. తరిమేస్తామంటే దాక్కుంటారు, దాక్కున్నవాళ్ల దగ్గర రోగాన్ని పట్టుకోలేరు. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి ముళ్లకంచె దాకా వెళ్లాల్సొచ్చింది.

2021 జూన్ చివరి వారంలో మళ్లీ అదే కథ, మరో చోట. బ్యాంకాక్, చుట్టుపక్కల రాష్ట్రాల్లో భవన నిర్మాణ కూలీల శిబిరాలను 30 రోజుల పాటు మూసేశారు. గేట్ల దగ్గర సైనికులు, పోలీసులు. రాత్రికి రాత్రే వచ్చిన ఆదేశం వినగానే కొందరు కట్టుబట్టలతో సొంతూళ్ల దారి పట్టారు. సామాజిక భద్రతలో పేరున్నవారికి కూలీలో సగం ఇస్తామన్నారు. పేరు లేనివారి కడుపు దాతల దయ మీద పడింది. 2020 వేసవిలో మేడ్చల్ రోడ్డు మీద మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయిన వాళ్లను చూసిన మనకు ఇది కొత్తగా అనిపించదు.

దొరికితే కదా పంచడానికి

టీకా దగ్గర అసలు తంటా ద్వేషం కాదు, కొరత. పేద దేశాలకు టీకాలు అందించే కోవాక్స్ కూటమిలో థాయ్‌ల్యాండ్ మొదట్లో చేరలేదు. మధ్యాదాయ దేశం కాబట్టి ముందుగా డబ్బు కట్టాలి, ఏ టీకా ఎప్పుడొస్తుందో తెలియదు అన్నది సర్కారు వాదన. బదులుగా రాజు ఆధీనంలోని సయామ్ బయోసైన్స్ సంస్థలో ఆస్ట్రాజెనెకా టీకా తయారీకి ఒప్పందం కుదుర్చుకుంది. మొత్తం 6 కోట్ల 10 లక్షల డోసులకు ఆర్డరు. ఈ ఏర్పాటును ప్రశ్నించిన ప్రతిపక్ష నాయకుడు తనాథోర్న్ మీద రాజును అవమానించారంటూ కేసు పెట్టారు. ఉత్పత్తి అనుకున్నంత వేగంగా సాగలేదు. ఖాళీని చైనా సినోవాక్‌తో పూడ్చారు. జులైలో జాతీయ టీకా సంస్థ అధిపతి నకోర్న్ ప్రేమ్‌శ్రీ సమయానికి టీకాలు తేలేకపోయామని ప్రజలకు క్షమాపణ చెప్పారు. ఆగస్టు 13న ఒక్కరోజే 23,418 కేసులు. సొంత పౌరులే పడకల్లేక ఇళ్లలో ప్రాణాలు విడుస్తున్న రోజులవి.

అలాంటప్పుడు పరాయివాడి వంతు ఎప్పుడు? విదేశాంగ శాఖ మాత్రం థాయ్ గడ్డ మీద ఉన్నవారందరికీ టీకా అని మే నెలలోనే ప్రకటించింది. మాట బాగానే ఉంది. దేశవ్యాప్త టీకా కార్యక్రమం మొదలైన జూన్ 7నే విదేశీయుల కోసం ‘థాయ్‌ల్యాండ్ ఇంటర్‌వ్యాక్’ పేరుతో వెబ్‌సైటు తెరిచారు. 60 ఏళ్లు దాటినవారికీ, ఏడు రకాల దీర్ఘవ్యాధులున్నవారికీ ముందు అవకాశం. అందులో నమోదు చేసుకున్నవాళ్ల పేర్లూ, పాస్‌పోర్టు సంఖ్యలూ కాసేపు ఎవరికి పడితే వారికి కనిపించాయి! ఆ తర్వాత బాంగ్ స్యూ రైల్వేస్టేషన్ ఆదుకుంది. ఆగ్నేయాసియాలోనే భారీ స్టేషన్‌గా కట్టి, రైళ్లు తిరగకముందే టీకా కేంద్రంగా మార్చేశారు. జులైలో 60 ఏళ్లు దాటినవారు, గర్భిణులు, వంద కిలోలు దాటినవారు నేరుగా రావచ్చన్నారు. బరువు తగ్గమని డాక్టరు ఏళ్ల తరబడి పోరుతుంటే వినని పెద్దమనుషులకు అది జీవితంలో ఒకేఒక్క లాభం.

జులై 30న అమెరికా 15 లక్షల ఫైజర్ డోసులను విరాళంగా పంపింది. అందులో లక్షా యాభై వేలు విదేశీయులకు కేటాయించారు. విదేశాంగ శాఖ ఆగస్టులో మరో వెబ్‌సైటు తెరిచింది. ఈలోపు డబ్బున్నవాళ్లు తమ దారి తాము వెతుక్కున్నారు. చుళాభోర్న్ రాజ అకాడమీ తెప్పించిన సినోఫార్మ్ డోసు 888 భాట్లు. ప్రైవేటు ఆస్పత్రుల్లో మోడెర్నాకు డోసుకు 1,650 భాట్లు ముందే కట్టి, నవంబరు దాకా ఎదురుచూడాలి.

సొంత దేశాలు ఆదుకున్న తీరూ చూడాల్సిందే. చైనా తన పౌరులకు సినోవాక్ వేయించింది. ఫ్రాన్స్ 55 ఏళ్లు దాటిన తన పౌరుల కోసం జాన్సన్ టీకాలు పంపింది. అమెరికన్లు మాత్రం మాకూ పంపండని వినతులు పెట్టుకుంటే, విదేశాల్లో ఉన్న సాధారణ పౌరులకు టీకా ఇవ్వడం తమ పద్ధతి కాదని వాషింగ్టన్ చేతులు దులుపుకుంది. థాయ్ ప్రభుత్వానికి ఉచితంగా ఫైజర్ పంపిన అమెరికా, ఆ దేశంలో కాపురముంటున్న తనవాళ్లకు పంపలేదు. తీరా చూస్తే ఆ విరాళంలోంచే థాయ్‌వాళ్లు విదేశీయుల వాటా తీశారు.

మనవాళ్ల పరిస్థితి ఇంకా ఇరకాటం. ఆ వేసవిలో డెల్టా దెబ్బకు ఇండియాలోనే ఆక్సిజన్‌కు, టీకాకు అల్లాడుతున్నారు. ఇంటికెళ్లి వేయించుకుందామంటే తిరుగుదారి లేదు. థాయ్ పౌరులు కానివారికి ఇండియా నుంచి ప్రవేశ ధ్రువపత్రాలను ఏప్రిల్ ఆఖరులోనే ఆపేశారు. అయితే పరదేశీలను వరసలో వెనక్కి నెట్టింది థాయ్‌ల్యాండ్ ఒక్కటే అనుకోవడం అన్యాయం. మన కోవిన్‌లో ఇక్కడ నివసిస్తున్న విదేశీయులు పాస్‌పోర్టుతో నమోదు చేసుకునే వీలు వచ్చింది 2021 ఆగస్టు 9న. అంటే థాయ్‌ల్యాండ్ వెబ్‌సైటు తెరిచిన రెండు నెలల తర్వాత.

టీకా వేయించుకున్నా అది ఏ కంపెనీదన్నది మరో పరీక్ష. సినోవాక్ రక్షణ చాలదన్న లోటును పూడ్చుకోవడానికి జులైలో థాయ్ ప్రభుత్వం మొదటి డోసు సినోవాక్, రెండోది ఆస్ట్రాజెనెకా అనే జోడీ తెచ్చింది. చులాలాంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయ వైరాలజిస్టు యోంగ్ పూవోరవాన్ దాన్ని సమర్థించారు. కానీ కలగాపులగం టీకాల సర్టిఫికెట్‌ను కొన్ని దేశాలు లెక్కలోకి తీసుకోవేమోనన్న బెంగ విదేశీయులది. దీని తిరగేసిన రూపం హైదరాబాద్‌కు బాగా తెలుసు. జినోమ్ వ్యాలీలో పుట్టిన కోవాక్సిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ అనుమతి 2021 నవంబరు 3న గానీ రాలేదు. అప్పటిదాకా కోవాక్సిన్ వేసుకున్నవాడు చాలా దేశాల గుమ్మంలో టీకా వేసుకోనివాడి కిందే లెక్క. గల్ఫ్‌కు తిరిగి వెళ్లాల్సిన జగిత్యాల, సిరిసిల్ల కార్మికుల నెలలు ఆ లెక్కలోనే కరిగిపోయాయి.

తలుపు తెరిచాక

ఆ తర్వాతి సంగతులు చకచకా జరిగాయి. 2021 జులై 1న పుకెట్ ద్వీపాన్ని టీకా వేసుకున్న పర్యాటకులకు తెరిచారు. నవంబరులో పరీక్ష చేయించుకుని ఒక్కరాత్రి హోటల్‌లో ఉంటే చాలన్నారు. ఒమిక్రాన్ భయంతో డిసెంబరు 22న ఆపి, ఫిబ్రవరిలో మళ్లీ మొదలెట్టారు. 2022 జులై 1తో ముందస్తు నమోదు పోయింది. సెప్టెంబరు ఆఖరుతో రెండున్నరేళ్ల అత్యవసర పరిస్థితి ముగిసింది. దీర్ఘకాలిక వీసా మీద ఉండే పింఛనుదారులకు మాత్రం మహమ్మారి ఒక గుర్తు వదిలి వెళ్లింది. అంతకుముందు నాలుగు లక్షల భాట్ల ఆస్పత్రి బీమా సరిపోయేది, ఆ తర్వాత లక్ష డాలర్లు చూపించాలన్నారు. డెబ్బై దాటిన మనిషికి అంత బీమా ఇచ్చే కంపెనీ దొరకడమే గగనమైంది.

2023 జనవరిలో చైనా సరిహద్దులు తెరుస్తున్న వేళ వచ్చేవాళ్లంతా టీకా ధ్రువపత్రం చూపాలని థాయ్ అధికారులు ప్రకటించారు. రెండు రోజులు తిరక్కముందే ఆ నిబంధనను వెనక్కి తీసుకున్నారు. జనవరి 9న తొలి చైనా పర్యాటకులు సువర్ణభూమి విమానాశ్రయంలో దిగినప్పుడు ఎదురెళ్లి స్వాగతం పలికింది ఫరాంగ్‌లను తరిమేయాలన్న ఆ ఆరోగ్య మంత్రి అనుతినే. అప్పటికి శీతల గిడ్డంగుల్లో టీకాలు మిగిలిపోతున్నాయి. రెండు వారాల సెలవు మీద వచ్చే విదేశీ పర్యాటకులు కూడా రుసుము కట్టి, పాస్‌పోర్టు చూపించి బూస్టర్ వేయించుకోవచ్చని అదే నెలలో ఆరోగ్య శాఖ ఆహ్వానం పలికింది.