తొక్కల బొగ్గు విషపునీటిని ఎలా శుద్ధి చేస్తుంది?

హైదరాబాద్‌లోని బాలానగర్ సందుల్లో లోహపు సామాన్లకు పూత పూసే చిన్న షెడ్లున్నాయి. క్రోమియం తొట్టిలోంచి తీసిన బోల్టును నీళ్లలో జాడిస్తే ఆ నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ రంగు ఆరు వేలెన్సీ క్రోమియానిది. అది క్యాన్సర్ తెచ్చే విషం. శుద్ధి చేయకుండా వదిలితే కూకట్‌పల్లి నాలా మీదుగా హుస్సేన్‌సాగర్‌కు చేరుతుంది.

దీన్ని ఆపడానికి కూరగాయల తొక్కలు పనికొస్తాయంటే నమ్ముతారా? దగ్గర్లోని బోయిన్‌పల్లి మార్కెట్‌లో మిగిలిన కూరగాయలతో గ్యాస్, కరెంటు తయారుచేశారు. అలాంటి వ్యర్థాన్నే ఎండబెట్టి, గాలి దాదాపుగా ఆడని పాత్రలో 300 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచితే బయోచార్ అనే బొగ్గు వస్తుంది. గాలి ఆడదు కనుక అది కాలి బూడిదవదు. లోపలి ఆవిరి, వాయువులు తప్పించుకుపోయిన దారులు సన్నని రంధ్రాలుగా మిగులుతాయి.

రంధ్రాలొక్కటే చాలవు. నీళ్లు ఆమ్లంగా ఉంటే బొగ్గు ఉపరితలానికి ధనావేశం వస్తుంది. ఆరు వేలెన్సీ క్రోమియం ఉండే, రుణావేశమున్న క్రోమేట్ అయాన్లు వచ్చి దానికి అతుక్కుంటాయి. అప్పుడు బొగ్గు వాటికి ఎలక్ట్రాన్లిచ్చి, హాని బాగా తక్కువైన మూడు వేలెన్సీ క్రోమియంగా మారుస్తుంది. విషాన్ని పట్టుకోవడం కన్నా దాని స్వభావాన్నే మార్చేయడం నాకు గొప్పగా అనిపిస్తుంది!

ఈ పని ఇప్పటికీ ఎక్కువగా ప్రయోగశాలల్లోనే సాగుతోంది. నూనె, ఉప్పు కలిసిన హోటల్ అన్నం, ఉత్త అరటితొక్క ఒకేలాంటి బొగ్గునివ్వవు. పైగా చోటంతా నిండాక బొగ్గు ఇంకేమీ పట్టుకోలేదు. అలా క్రోమియం నిండిన బొగ్గు కూడా ప్రమాదకర వ్యర్థమే. దాన్ని మొక్కలకు వేయకూడదు, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం వంటి చోటికే పంపాలి.