లైక్ కనబడితే సిమిలీయేనా?

పరీక్షలు దగ్గరపడితే చాలు, వాట్సాప్‌లో ఒక కార్డు తిరగడం మొదలవుతుంది. ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ మొత్తం ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయట! అందులో మొదటి చిట్కా: లైక్ గానీ యాజ్ గానీ ఉంటే సిమిలీ, లేకపోతే మెటఫర్. ఎవరు తయారుచేశారో తెలీదు, ఫలితం మాత్రం నా బల్లమీదకొచ్చింది. మొన్న దిద్దిన పదో తరగతి కాగితాల్లో ఒకమ్మాయి 'ఐ లైక్ మ్యాంగోస్' కింద స్కేలు పెట్టి గీత గీసి, పక్కన సిమిలీ అని రాసింది. ఇంకో అబ్బాయికి 'హి వర్క్స్ యాజ్ ఎ క్లర్క్'లో కూడా సిమిలీ దొరికింది. ఇద్దరూ చురుకైన పిల్లలే. కార్డు చెప్పింది చెప్పినట్టు చేశారు, అదే వచ్చిన చిక్కు.

అపోహ: లైక్, యాజ్ ఉంటే సిమిలీ.

వాస్తవం: సిమిలీకి ప్రాణం పోలిక. లైక్, యాజ్ ఆ పోలికను మోసే కూలీలు. కూలీ నిలబడ్డ ప్రతిచోటా మూట ఉండాలని ఎక్కడుంది? మామిడిపళ్లు ఇష్టం అన్నప్పుడు లైక్ ఉత్త క్రియ. గుమాస్తాగా చేస్తున్నాడు అన్నప్పుడు యాజ్ చెప్పేది ఉద్యోగం.

పోనీ, నిజంగా పోలికే ఉందనుకుందాం. 'రవి లుక్స్ లైక్ హిజ్ ఫాదర్'. అచ్చం నాన్నలా ఉన్నాడు. లైక్ ఉంది, పోలికా ఉంది, అయినా సిమిలీ కాదు. మనిషిని మనిషితో పోల్చి ఉన్నమాట చెప్పడమే అది. రవి ఏనుగులా నడుస్తాడంటే సిమిలీ. జాతి వేరు, కలిసింది ఆ నింపాదితనం ఒక్కటే.

రెండో వైపూ చూడండి. 'హిజ్ హార్ట్ ఈజ్ హార్డర్ దాన్ స్టోన్'. ఇందులో లైక్ లేదు, యాజ్ లేదు. కార్డు లెక్కన మెటఫర్ అయిపోవాలి, కానీ ఇంగ్లీషులో దీన్నీ సిమిలీ కిందే కడతారు. పోలిక చెప్పే మాటల పట్టీ రాస్తూ సంస్కృత ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో 'ఇవ', 'యథా'లతో ఆగలేదు. పోటీపడుతోంది, గెలుస్తోంది, ద్వేషిస్తోంది లాంటి క్రియలనూ చేర్చాడు. అది రాసి పన్నెండు వందల ఏళ్లు దాటింది. కార్డు రాసిన మహానుభావుడికి మాత్రం రెండు మాటలే దొరికాయి.

మిగిలిందంతా మెటఫర్ అనడం ఇంకా అన్యాయం. మెటఫర్‌లో ఒకదాన్ని ఇంకొకటిగానే చెప్పేస్తాం: 'మా తమ్ముడు ఇంట్లో తుఫాను.' ఆ మాటకొస్తే, సిమిలీ కూడా మెటఫరేనని, తేడా కొంచెమేనని అరిస్టాటిల్ తన రెటోరిక్‌లో అన్నాడు. ఆయనకు కొంచెంగా కనబడ్డ తేడా దగ్గర కార్డు కోటగోడ కట్టింది.

అపోహ: తెలుగు అలంకారాలు వస్తే ఇంగ్లీషువి చదవక్కర్లేదు.

వాస్తవం: ఇందులో సగం నిజముందని ఒప్పుకోక తప్పదు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని వల్లించినవాడి చేతిలో నాలుగు ప్రశ్నలు ఉన్నట్టే. దేన్ని, దేనితో, ఏ గుణంలో, ఏ మాటతో పోల్చారు? ఇవి వేసుకుంటే మామిడిపళ్ల దగ్గర ఎవరూ జారిపడరు. అతిశయోక్తి తెలిస్తే హైపర్‌బొలీ కొత్తగా ఉండదు. కానీ ఇందాకటి రాయికన్నా కఠినమైన గుండె మనకు వ్యతిరేకాలంకారం, వాళ్లకు సిమిలీ. చుట్టరికం ఉంది గానీ ఇంటిపేరు ఒకటి కాదు.

మిగతావి చకచకా.

ఒకే అక్షరంతో మొదలైతే అలిటరేషన్: కాదు, ఒకే ధ్వనితో. స్పెల్లింగు మోసం చేస్తే మాటల్ని తెలుగు లిపిలో రాసుకోండి. సిటీ, క్యాట్ విడిపోతాయి. నైఫ్, నైట్ కలుస్తాయి.

ఐరనీ అంటే వెటకారం: వెటకారం అందులో ఒక రకం. కన్యాశుల్కంలో లుబ్ధావధానులు పెళ్లికూతురనుకున్నది ఆడవేషంలో ఉన్న కరటకశాస్త్రి శిష్యుణ్ణి. మనకు తెలుసు, ఆయనకు తెలీదు. అది డ్రమాటిక్ ఐరనీ.

'నేను' అంటే రచయితే: హకల్‌బెరీ ఫిన్ కథ చెప్పేది ఒక కుర్రాడు. అది 1884లో అచ్చయ్యేనాటికి మార్క్ ట్వేన్‌కు 49 ఏళ్లు.

థీమ్ అంటే 'స్నేహం': అది విషయం మాత్రమే. స్నేహం గురించి కథ ఏమంటోందో చెప్పండి, అది థీమ్.

కాబట్టి కార్డు తీసేయండి. నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకోండి: పదం, సొంత వాక్యం, అది ఆ పదం కిందికి ఎందుకొస్తుందో ఒక ముక్క. రోజుకు రెండు చాలు. సొంత వాక్యం రాలేదంటే ఆ పదం ఇంకా రానట్టే, నిర్వచనం ఎంత గడగడా అప్పజెప్పినా సరే.

ఆ మామిడిపళ్ల అమ్మాయిని పిలిచి, "దేనితో పోల్చావమ్మా?" అన్నాను. కాసేపు చూసి, తనే కొట్టేసింది. మర్నాడు ఒక వాక్యం రాసుకొచ్చింది: వాళ్ల నానమ్మ అరచేతులు ఎండిన మామిడిటెంకలా ఉంటాయట. టెంకను ఇంగ్లీషులో ఏమంటారో తెలీక మ్యాంగో సీడ్ అని రాసింది. నాలుగు ప్రశ్నలకూ జవాబుంది. మార్కు వేశాను.