సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో తెలుగు సాహిత్యం: పాఠ్యపఠనం, సమాధానరచన

కీలకపదాలు: ఐచ్ఛికాంశం, పాఠ్యపఠనం, గుణనిధి కథ, సమాధానరచన, తెలుగు శాఖలు

1. ప్రవేశిక

యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే సివిల్ సర్వీసెస్ మెయిన్ పరీక్షలో ర్యాంకుకు లెక్కించే రాతపత్రాల మార్కులు 1750. అందులో ఐచ్ఛికాంశానివి 500. తెలుగు సాహిత్యాన్ని ఎంచుకోవటానికి ఆ విషయంలో పట్టా ఉండాలన్న నియమం ఇప్పుడు లేదు. అందువల్ల తెలుగు శాఖల గడప తొక్కే అభ్యర్థుల్లో ఇంజనీరింగు చదివినవారూ కనిపిస్తున్నారు. వీరికి మనం ఏమి బోధించాలన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. తొలినాళ్లలో నేను నా ఎం.ఏ. నోట్సునే వారి చేతిలో పెట్టాను. అది పొరపాటని వారి జవాబులు దిద్దుతున్నప్పుడు తెలిసింది.

2. పత్రాల స్వభావం

మొదటి పత్రం భాషాచరిత్రకు, సాహిత్యచరిత్రకు సంబంధించినది. రెండవది నన్నయ దుష్యంత చరిత్ర మొదలు రావిశాస్త్రి 'అల్పజీవి' వరకు నిర్ణీత పాఠ్యాల ప్రత్యక్షపఠనాన్ని కోరుతుంది. ఒక్కొక్క పత్రానికి 250 మార్కులు, 3 గంటలు. అంటే 10 మార్కుల ప్రశ్నకు దాదాపు 7 నిమిషాలు, 150 పదాలు. ఈ పరిమితిలో పద్యాన్ని నాలుగు పాదాలూ ఉదాహరించటం వృథా. సందర్భాన్ని పట్టిచ్చే ఒక్క పదబంధం చాలు.

భాషావిభాగంలో ఇంజనీరింగు విద్యార్థులు త్వరగా కుదురుకోవటం గమనించాను. కన్నడ 'కివి' పక్కన తెలుగు 'చెవి'ని, తమిళ 'ఉరల్' పక్కన 'రోలు'ను ఉంచితే, ఈ మార్పు ఏ పరిసరంలో జరుగుతుందని వారు వెంటనే అడుగుతారు. మొదటిది తాలవ్యాచ్చుకు ముందు కకారం చకారం కావటం, రెండవది వర్ణవ్యత్యయం అని చెబితే మరికొన్ని ఉదాహరణలు తామే వెతుక్కుంటారు. మన ఎం.ఏ. విద్యార్థులు చాలామంది నిర్వచనం వద్దే ఆగిపోతారు. చెప్పుకోవటానికి ఇబ్బందిగా ఉన్నా ఇది నిజం.

3. గుణనిధి కథ: ఒక పరిశీలన

అసలు చిక్కు రెండవ పత్రంలో ఉంది. శ్రీనాథుని కాశీఖండంలోని గుణనిధి కథలో సామాజిక జీవితాన్ని వివరించమని నేనొకసారి అభ్యాసప్రశ్న ఇచ్చాను. వచ్చిన జవాబులన్నీ కథాసంగ్రహాలే. యజ్ఞదత్తుని కొడుకు జూదరి అయ్యాడు, ఇల్లు వదిలాడు, శివరాత్రినాడు గుడిలో దీపం వెలిగేలా చేశాడు, కైలాసం చేరాడు. కథంతా ఉంది, ప్రశ్నకు జవాబు మాత్రం లేదు.

తరువాత పాఠ్యాన్ని దగ్గర పెట్టుకొని చదివాం. కొడుకు దుర్వ్యసనాన్ని తండ్రికి తెలియనీయకుండా తల్లి కప్పిపుచ్చుతుంది. తన ఉంగరాన్ని ఒక జూదరి వేలికి చూసినప్పుడు గాని తండ్రికి సంగతి తెలియదు. ఈ రెండు ఘట్టాల్లో ఒక వైదిక గృహస్థు ఇంటి లోపలి స్థితి అంతా ఉంది: కుమారుని చదువు గురించి తండ్రి తల్లి మాట మీద ఆధారపడటం, పుత్రవాత్సల్యం అబద్ధానికి దారితీయటం, వస్తువులు ఒక్కొక్కటిగా ఇల్లు దాటిపోవటం. సామాజిక జీవితమంటే పండుగలు, ఆభరణాల పట్టిక అనుకునే అభ్యర్థికి ఇది కొత్త చూపు.

గుడి ఘట్టం మరింత లోతైనది. గుణనిధి నైవేద్యం దొంగిలించటానికి వచ్చాడు. వెలుతురు చాలక తన వస్త్రపు పేలికతో వత్తి చేసి దీపాన్ని పెద్దది చేశాడు. ఉద్దేశం దొంగతనం, ఫలితం దీపసేవ. యమదూతలు అతని నడవడిని లెక్కిస్తారు, శివకింకరులు ఆ రాత్రిని లెక్కిస్తారు. ధర్మశాస్త్ర దృష్టికీ శైవభక్తి దృష్టికీ మధ్య ఉన్న ఈ వాదాన్ని గుర్తించిన అభ్యర్థి, సామాజిక విమర్శ గురించి అడిగినా, తాత్త్వికత గురించి అడిగినా అదే పఠనం నుంచి జవాబు రాయగలడు. నోట్సు మాత్రమే చదివినవాడు ప్రశ్న కాస్త మారగానే తడబడతాడు.

4. శాఖల ముందున్న పని

మార్కుల కోసం వచ్చే వీరిది నిజమైన సాహిత్యపఠనం కాదన్న మాట మన స్టాఫ్‌రూముల్లో తరచుగా వినిపిస్తుంది. నేనూ అన్నాను. అయితే ఆ గుణనిధి జవాబులు వారి తప్పు మాత్రమే కాదు. కథాసంగ్రహాలతో నిండిన నోట్సు ఇచ్చింది నేనే.

పాఠ్యాలు చేతికందటం మరో సమస్య. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' మొదటి భాగానికి మా గ్రంథాలయంలో ఒకే ప్రతి ఉంది. కిందటేడు ఆరుగురు దాన్ని వంతులవారీగా చదివారు. వారిలో ఇద్దరు మా పరిశోధక విద్యార్థులు.