థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా నీరసం ఎందుకు తగ్గదు?

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, శబరి నది ఒడ్డున ఉన్న ఊరు కొంటా. సుక్మా జిల్లాలోని ఈ ఊరు దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, ఆ తర్వాత తెలంగాణలోని భద్రాచలం వస్తాయి. పెద్ద వైద్యం కావాలంటే ఇటు భద్రాచలమైనా వెళ్లాలి, అటు జగదల్‌పూర్‌లోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికైనా వెళ్లాలి. ఇలాంటి చోట ఏళ్ల తరబడి రోజూ మాత్ర వేసుకోవలసిన జబ్బు వస్తే, మందు ఎంత అవసరమో దాన్ని వాడే తీరు తెలియడం కూడా అంతే అవసరం. హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ గ్రంథి మందగించడం, అలాంటి జబ్బే.

గ్రంథి మందగిస్తే ఏమవుతుంది?

గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ చిన్న గ్రంథి టి4, టి3 అనే హార్మోన్లను తయారు చేస్తుంది. శరీరంలోని కణాలు ఎంత వేగంగా పనిచేయాలో నిర్ణయించేవి ఇవే. ఇవి తగ్గితే నీరసం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం, చర్మం పొడిబారడం, బరువు పెరగడం, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం వంటివి కనిపిస్తాయి. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి ఈ లోటును గుర్తించి, థైరాయిడ్‌ను తొందరపెట్టడానికి టి.ఎస్.హెచ్. అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. అందుకే రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. పెరిగితే సాధారణంగా థైరాయిడ్ మందగించిందని అర్థం.

రక్తహీనతలోనూ, మలేరియా తగ్గిన తర్వాతా నీరసం ఉంటుంది. కాబట్టి లక్షణాలను బట్టి మాత్రమే జబ్బును తేల్చలేం. హైదరాబాద్ సహా 8 నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం ఉన్నట్లు తేలింది. వారిలో కొందరికి ఆ సంగతి పరీక్ష చేసేదాకా తెలియదు.

ఉప్పుతో నయమవుతుందా?

థైరాయిడ్ హార్మోన్ తయారీకి అయోడిన్ కావాలి. అది లోపించి గొంతు వాచే గాయిటర్‌ను అరికట్టడానికి భారత ప్రభుత్వం 1962లో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అయోడిన్ ఉప్పు వాడకం నేటికీ తప్పనిసరే. అయితే అయోడిన్ అందుతున్నవారిలో ఈ జబ్బుకు ముఖ్య కారణం హషిమోటో వ్యాధి. ఇందులో శరీర రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేస్తుంది. దీనికి అదనపు ఉప్పు, అయోడిన్ చుక్కలు మందు కావు. పైగా అతిగా తీసుకుంటే హాని కలగవచ్చు.

మాత్ర పనిచేయనిది ఎక్కడ?

లోపించిన టి4 హార్మోన్‌నే లెవోథైరాక్సిన్ మాత్రగా ఇస్తారు. అది వాడుతున్నా నీరసం తగ్గకపోతే ముందు చూడవలసింది మాత్ర రక్తంలోకి సరిగా చేరుతోందా అన్నది. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట పాటు టీ, కాఫీ, టిఫిన్ తీసుకోకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలు పేగుల్లో ఈ మందును పట్టి ఉంచి, ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడే మహిళలు చాలామంది ఉన్న ప్రాంతాల్లో ఈ సంగతి మరీ ముఖ్యం. రెండింటి మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. వేడి, తేమ కూడా మాత్రను పాడు చేస్తాయి. డబ్బా మూత గట్టిగా బిగించి, పొయ్యికీ ఎండకూ దూరంగా ఉంచాలి.

రెండోది పరీక్ష చేయించే సమయం. ఒంట్లో చేరిన ఈ మందులో సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. మోతాదు మార్చాక టి.ఎస్.హెచ్. కుదుటపడడానికి 6 నుంచి 8 వారాలు కావాలి. పది రోజులకే దూరం వెళ్లి పరీక్ష చేయిస్తే ఖర్చే తప్ప సరైన ఫలితం రాదు. నీరసంగా ఉందని సొంతంగా మోతాదు పెంచడం ప్రమాదం. మందు ఎక్కువైతే గుండె దడ వస్తుంది, ఎముకలు బలహీనపడతాయి. గర్భం దాల్చినవారికి మోతాదు సాధారణంగా పెరగాలి, కాబట్టి గర్భమని తెలిసిన వెంటనే పరీక్ష చేయించాలి. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోన్‌పైనే ఆధారపడుతుంది.

టి.ఎస్.హెచ్. సరిగా ఉన్నా అలసట పోకపోతే వేరే కారణం వెతకాలి. రక్తహీనత, బి12 లోపం, బస్తర్‌లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి అలాంటివే.

కొంటా వంటి సరిహద్దు ఊళ్లలో ఒక రోగిని ఈసారి ఒక రాష్ట్రంలో, మరోసారి ఇంకో రాష్ట్రంలో డాక్టరు చూడవచ్చు. అందుకే మాత్ర ఎన్ని మైక్రోగ్రాములదో, ఎప్పటినుంచి వాడుతున్నారో, గత టి.ఎస్.హెచ్. ఎంతో, దాంతోపాటు వేసుకుంటున్న ఇతర మందులేమిటో రాసిన కాగితం దగ్గరుంచుకోవాలి. అది ఉంటే కొత్త డాక్టరు చికిత్సను మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగినచోటు నుంచే ముందుకు తీసుకెళ్లవచ్చు.